కాంప్లెక్స్ వేరు, కన్‌ఫ్యూజింగ్ వేరు

మా ఇంగ్లీషు మేడం పోయారు. నేను భూపాలపల్లి బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉండగా జనగామ నుంచి, మేడం వార్డెనుగా ఉన్న హాస్టలు వంటామె ఫోన్ చేసి చెప్పింది. "పొద్దుగాల చాయ్ తాగింది బిడ్డా. పేపరు సదువుకుంట సదువుకుంటనే పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను మాత్రం ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. ఏం పోగొట్టుకున్నావమ్మా అని ఎవరో పెద్దాయన అడిగితే ఏమీ లేదన్నాను.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో మేడం ఫొటోకు దండ వేసి పెట్టారు. దాని కింద మాటలు కుప్పలు పడ్డాయి. ఒకరు మాతృమూర్తి అన్నారు, ఇంకొకరు జ్ఞానజ్యోతి అన్నారు. ఒకాయనైతే "తెలంగాణ కోసం మనతోపాటు రోడ్డెక్కి కొట్లాడిన మహనీయురాలు" అని రాశాడు. ఆ మాటకు అందరూ వరసబెట్టి దండాలు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. మేడం తెలంగాణ కోసం కొట్లాడలేదు. రాష్ట్రం విడిపోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు కూడా. రోడ్డెక్కిన మాట నిజమే. ఎందుకు ఎక్కారో, ఎక్కినరోజు ఏమైందో దగ్గరుండి చూసినదాన్ని నేను. మనిషి పోయిన మూడోనాటికే ఆమెను మనకు నచ్చినట్టు దిద్దేసుకుంటే ఎట్లా? చాలాసార్లు మొదలుపెట్టి, కాగితాలు నలిపి పారేసి, మళ్ళీ రాస్తున్నాను. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

మాది గార్ల దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. అంగడికి పోతే మా వైపు తెలుగు. బడిలో పుస్తకాల తెలుగు. ఇంటర్ చదవడానికి మహబూబాబాద్ వచ్చేసరికి వీటన్నిటి మీద ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. మేడం అప్పటికే ఆ ప్రైవేటు కాలేజీలో పాత మనిషి. పుట్టింది తూర్పుగోదావరి వైపు. భర్తకు రైల్వేలో ఉద్యోగం కాబట్టి ఇటు వచ్చారు. ఆయన చిన్నవయసులోనే పోయినా ఆమె వెనక్కి వెళ్ళలేదు. స్టేషన్ వెనక ఒక ముసలవ్వ ఇంట్లో చిన్న వాటా తీసుకుని ఉండేవారు.

మొదటి నెలలోనే ఒకరోజు మేడం బోర్డు మీద రెండు మాటలు రాశారు. ఒకటి కాంప్లెక్స్, రెండోది కన్‌ఫ్యూజింగ్. తేడా చెప్పమన్నారు. క్లాసు మొత్తం బల్లల కిందకు చూసింది. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "కాంప్లెక్స్ అంటె బస్టాండ్ కాడ ఉంటది మేడం. కింద దుకాండ్లు, మీద ట్యూషన్లు" అన్నాడు. అందరం పకపకా నవ్వాం. మేడం నవ్వలేదు. "వాడు సరిగ్గానే చెప్పాడు. గదులు చాలా ఉంటాయి, మెట్లు ఉంటాయి, కానీ ప్రతి గదికీ ఒక తలుపుంటుంది. ఓపికగా తిరిగితే అన్నీ చూడొచ్చు. అది కాంప్లెక్స్. మరి కన్‌ఫ్యూజింగ్ అంటే? కరెంటు పోయిన గది. ఒక్క గదే అయినా సరే, గోడకు గుద్దుకుంటావు" అన్నారు.

ఆ తరువాత ఆమె క్లాసులో ఒక పద్ధతి నడిచింది. పాఠం అర్థం కాలేదు, అంతా కన్‌ఫ్యూజన్‌గా ఉంది అని ఎవరైనా గాలిలో చెయ్యి ఊపితే ఒప్పుకునేవారు కాదు. "చెయ్యి ఊపకు. వేలు పెట్టి చూపించు. ఏ లైను దగ్గర ఆగిపోయావు?" అనేవారు. మేము పుస్తకం మీద వేలు పెట్టి వెతికేవాళ్ళం. వెతగ్గా వెతగ్గా ఒక మాట దగ్గరో, ఒక కామా దగ్గరో వేలు ఆగేది. "చూశావా, పేజీ అంతా కాదు, ఈ ఒక్క చోటే. తెలియకపోవడం తప్పు కాదు, ఎక్కడ తెలియలేదో తెలియకపోవడమే ఇబ్బంది" అనేవారు. ఇప్పుడు నేను కూడా భూపాలపల్లిలో ఇంగ్లీషే చెబుతున్నాను. రోజుకు ఒకసారైనా ఆ మాట నా నోట్లోంచి వస్తుంది. వచ్చినప్పుడల్లా అది ఆమె గొంతులాగే ఉంటుంది.

నేను ఒకసారి ఆమె దగ్గరకు వెళ్ళి, ఇన్ని భాషలతో నా తలకాయే కన్‌ఫ్యూజింగ్‌గా ఉందని చెప్పాను. ఆమె నన్ను తేరిపార చూసి, "నీ తలలో గదులు ఎక్కువున్నాయి, అంతే. అద్దెకివ్వకు, అన్నీ నువ్వే వాడుకో" అన్నారు. ఆ మాటతో నేను చాలాకాలం బతికాను.

ఆమె బ్యాగులో ఎప్పుడూ వేయించిన పల్లీల పొట్లం ఉండేది. ఆకలితో క్లాసుకు వచ్చినవాళ్ళను చూపు చూసి కనిపెట్టేవారు, కానీ పిలిచి ఇచ్చేవారు కాదు. హాజరు వేసేటప్పుడు ఆ పొట్లం బల్ల మీద పెట్టి మరిచిపోయినట్టు బయటికి వెళ్ళేవారు. వర్షం పడినా పడకపోయినా నల్ల గొడుగు చేతిలో ఉండేది. రైలు కూత వినబడితే పాఠం మధ్యలో ఆగేవారు. అది ఏ రైలో, ఎంత ఆలస్యంగా వస్తోందో చెప్పి మళ్ళీ మొదలుపెట్టేవారు. భర్త దగ్గర నేర్చుకున్న అలవాటట.

ఇదంతా మంచి. గ్రూపులో వాళ్ళు రాసింది కూడా ఇదే. వాళ్ళు రాయనిది ఇంకోటుంది.

ఒకరోజు ఫీజు గురించి మాట్లాడటానికి మా అమ్మను కాలేజీకి రమ్మన్నారు. అమ్మకు జ్వరం. నేను లేచి, "మా యాడి రాలే మేడం" అన్నాను. యాడి అంటే మా భాషలో అమ్మ. మేడం రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే, "రాలే ఏమిటి, ఆకు రాలిందా? అమ్మ రాలేదండీ అను. మనిషిలా మాట్లాడటం ముందు నేర్చుకోండి, తరువాత ఇంగ్లీషు" అన్నారు. క్లాసు గొల్లుమంది. అట్లా అనడం ఆమెకు మామూలే. వచ్చినం అంటే వచ్చాము అని, గిట్ల అంటే ఇలా అని, ఈగను తోలినంత తేలిగ్గా దిద్దుకుంటూ పోయేవారు. సినిమాల్లో మా మాటను రౌడీలకూ పనివాళ్ళకూ పెట్టి నవ్వించే రోజులవి. మేమూ టికెట్టు కొనుక్కుని చూసి నవ్వేవాళ్ళం. కానీ ఆ రోజు నవ్వలేకపోయాను. చాలా రోజులు క్లాసులో నోరు విప్పలేదు. నా తలలో గదులున్నాయని చెప్పిన మనిషే, ఆ గదుల్లోకి మా అమ్మను రానివ్వలేదు.

అంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, కాలేజీలకు తాళాలు పడ్డాయి. చౌరస్తాలో దీక్షా శిబిరం వెలిసింది. పొద్దున డప్పులు, మధ్యాహ్నం రోడ్డు మీద వంటావార్పు, సాయంత్రం పాటలు. మేమంతా అక్కడే ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో ఉన్న ఊపు గురించి ఇప్పటి పిల్లలకు చెబితే కథలనుకుంటారు. శిబిరాన్ని నడిపించింది వీరన్న. మేడం దగ్గరే చదువుకుని డిగ్రీకి వెళ్ళినవాడు. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, ఊళ్ళో ఉన్న ఆంధ్రావాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయించాలన్న మాట బయలుదేరింది. కొందరు కుర్రవాళ్ళు వెళ్ళి మేడం ఉండే ఇంటి అవ్వతో, ఆదివారంలోపు ఆమెను పంపెయ్యమని చెప్పి వచ్చారు. అవ్వ చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చిందట. "నా ఇల్లు, నా కిరాయిదారు. నడుమ మీరెవ్వలురా?" అందట. వాళ్ళు మాత్రం ఆదివారం మళ్ళీ వస్తామని చెప్పి పోయారు.

శనివారం నాడు శిబిరం దగ్గర రోడ్డు మీద పాఠాలు పెట్టారు. పంతుళ్ళు నడిరోడ్డు మీద క్లాసు చెప్పడం అప్పటి నిరసనల్లో ఒకటి. మాకూ సిలబస్ భయం ఉండేది కాబట్టి అందరం వచ్చాం. లెక్కల సారు చెప్పి దిగిపోయాక, గొడుగు వేసుకుని మేడం నడిచి రావడం చూశాను. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. అది మర్యాద కాదు, ఏమవుతుందో చూద్దామన్న ఆత్రం. మేడం నేరుగా వీరన్న దగ్గరకు వెళ్ళారు.

"పాఠం ఎక్కడ చెప్పమన్నా చెబుతాను వీరన్నా. పిల్లలకు నెల రోజుల పాఠాలు పోయాయి. జెండా మాత్రం పట్టుకోను. విడిపోవడం నాకు ఇష్టం లేదు. నీ ముందు అబద్ధం ఆడలేను."

గుంపులోంచి కేకలు లేచాయి. "ఆంధ్ర మేడం పాఠం మాకొద్దు!" "వాపస్ పొమ్మను!" వీరన్న ముఖం ఎర్రబడింది. "చూసిండ్రా మేడం? మీ ఆంధ్రోళ్ళంత గిట్లనే. ఈడి నీళ్ళు తాగుతరు, ఈడి బియ్యం తింటరు, మా బాధ మాత్రం పట్టది. అంత మీదే, అంత మీకే..." అంటూ చెయ్యి గాలిలో ఇటునుంచి అటు తిప్పాడు.

మేడం బ్యాగు కింద పెట్టి గొడుగు ముడిచారు. "చెయ్యి ఊపకు. నా క్లాసులో ఎప్పుడైనా ఒప్పుకున్నానా? నన్ను పొమ్మనాలంటే అను. కానీ నేను ఏం చేశానో వేలు పెట్టి చూపించు. చూపిస్తే ఆదివారం దాకా ఆగను, ఈ సాయంత్రం రైలుకే వెళ్ళిపోతాను."

వీరన్న గుంపు వైపు తిరిగి చూశాడు. ఎక్కడ వేలు పెట్టాలో ఆ గుంపులో నాకు తెలుసు. ఊరుకుంటే ఆమె గెలుస్తారు. మాట్లాడితే ఆమె సాయంత్రం రైలెక్కుతారు. ఆమె వెళ్ళిపోవడం నాకు ఇష్టం లేదు. ఊరుకోవడం కూడా ఇష్టం లేదు. ఎట్లా లేచానో తెలియదు, లేచాను.

"నేను చూపిస్త మేడం" అన్నాను. "మీరు మా మాటను నవ్విండ్రు. మా యాడికి జెరమొచ్చి రాలేకపోతె, రాలే అన్నందుకు అందరి ముందట నన్ను నగుబాటు చేసిండ్రు. మనిషి లెక్క మాట్లాడు అన్నరు. మా యాడి కూడ గట్లనే మాట్లాడతది. మరి ఆమె మనిషి గాదా?"

మేడం నన్నే చూస్తున్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ మరపు రాదు. కోపం లేదు. పుస్తకం మీద మా వేలు సరైన చోట ఆగినప్పుడు చూసే చూపు అది. కానీ కళ్ళ కింద చర్మం వణుకుతోంది. "ఉంది. ఈ తప్పు ఉంది. నాదే" అన్నారు. "ఇన్నేళ్ళు చేశాను. తప్పని తెలియకుండానే చేశాను." అని కింద పెట్టిన బ్యాగు తీసుకుని భుజాన వేసుకున్నారు.

అన్నమాట ప్రకారం వెళ్ళిపోతున్నారని నాకు అర్థమైంది. అప్పుడు వెనక నుంచి ఇంటి అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "తప్పు జేసినోళ్ళను ఎల్లగొట్టుడంటె ఊరే కాళీ అయితది. తప్పయిందని నడిబజార్ల ఒప్పుకున్నోళ్ళు మీ ఇండ్లల్ల ఒక్కరన్న ఉన్నరారా? ఉంటె తీస్కరార్రి, సూస్త" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. వీరన్న తల గోక్కున్నాడు. నేల చూస్తూ, "పిల్లల పాఠాలు సగంల ఉన్నయి మేడం. చెప్పిపోర్రి" అన్నాడు. మేడం బ్యాగు దించారు. ఆ రోజు ఏ పాఠం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆదివారం ఆ ఇంటికి ఎవరూ వెళ్ళలేదు.

ఇదీ ఆమె రోడ్డెక్కిన కథ. ఇందులో పోరాటయోధురాలు ఎవరూ లేరు. ఆమెను తరిమేసేదాకా తెచ్చిన మాట అన్నది నేనే. అన్నందుకు నాకు పశ్చాత్తాపం లేదు. నిజమే అన్నాను. కానీ ఆమె బ్యాగు భుజాన వేసుకున్న ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను.

ఆ తరువాత మేడం మా మాటను దిద్దలేదు. ఎప్పుడైనా అలవాటుకొద్దీ నాలుక చివరిదాకా వస్తే, గబుక్కున బోర్డు వైపు తిరిగిపోయేవారు. మాకు వీపు మాత్రం కనిపించేది. మా మాట నేర్చుకోండి మేడం అని నేనే ఒకసారి అడిగాను. "నా నోటికి అది అతకదమ్మా. నేను అంటే వెక్కిరింపులా ఉంటుంది. ఊరుకోవడమే నేను నేర్చుకోగలిగింది" అన్నారు.

రాష్ట్రం ఇస్తున్నట్టు తేలిన రోజున ఊరంతా రంగులు చల్లుకుంది. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. మిఠాయి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆమె బియ్యం ఏరుకుంటున్నారు. మిఠాయి తీసుకున్నారు, తిన్నారు. బాధగా ఉందా అని అడిగాను. ఉందన్నారు. "నిన్ను చూస్తే సంతోషంగానూ ఉంది. నువ్వు ఇలా గంతులేస్తూ రావడం నేనెప్పుడూ చూడలేదు" అన్నారు.

"అయితె కన్‌ఫ్యూజన్‌ల ఉన్నరా మేడం?" అని ఆటపట్టించాను.

"లేదు. రెండూ ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు తెలుసు" అన్నారు, చాటలోంచి తల ఎత్తకుండా.

రిటైరయ్యాక అందరూ ఆమె సొంతూరు వెళతారనుకున్నారు. ఆమె జనగామలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా చేరారు. హనుమకొండ మీదుగా నేను అప్పుడప్పుడు వెళ్ళి చూసివచ్చేదాన్ని. గార్ల, బయ్యారం తండాల పిల్లలు అక్కడ కూడా కొందరు ఉండేవారు. వాళ్ళు వాళ్ళ భాషలో వాదులాడుకుంటుంటే మేడం వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని వింటూ ఉండేవారు. అర్థమవుతుందా అని అడిగితే, తిట్లు మాత్రం అవుతున్నాయి అన్నారు.

దహనం జనగామలోనే జరిగింది. ఆమె తమ్ముడు తన కొడుకుతో కలిసి వచ్చి తలకొరివి పెట్టారు. గొడవ అస్థికల దగ్గర వచ్చింది. ఆయన రాజమండ్రి తీసుకువెళతానన్నారు. వీరన్న ఇప్పుడు బట్టతల, బొజ్జ, ఎరువుల దుకాణం ఉన్న పెద్దమనిషి. కోపం మాత్రం తగ్గలేదు. "ఈడ బతికింది, ఈడ సచ్చింది. కాళేశ్వరంల కలపాలె. మా మేడం" అన్నాడు. తమ్ముడుగారు మెత్తటి మనిషి. "మీ మేడమేనండీ, కాదన్లేదు. కానీ మా అక్క కదండీ. అమ్మానాన్నల్ని కలిపిందీ అక్కడేనండీ" అన్నారు. మేడం ఏదీ చెప్పి పోలేదు. వంటామెను అడిగాం, పిల్లల్ని అడిగాం. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరూ నా వైపు చూశారు. ఎవరి మాట తప్పని చెప్పను? సగం ఇక్కడ, సగం అక్కడ అన్నాను. చాలామంది చేసేదే కాబట్టి ఇద్దరూ సరేనన్నారు. కానీ ఆ మాట అన్నప్పటి నుంచి మళ్ళీ కాలు నిలవలేదు. మనిషిని పంచినట్టే అనిపించింది.

కాళేశ్వరంలో పడవ మాట్లాడుకుని నది మధ్యకు పోయాం. వానలు పడి వెలిశాయి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట రెండు నీళ్ళూ కొంతదూరం రెండు రంగుల్లో పక్కపక్కనే పోతున్నాయి. తమ్ముడుగారు ఒక కుండ వీరన్న చేతికిచ్చారు, ఎర్రగుడ్డ కట్టిన రెండోది ఒళ్ళో పెట్టుకున్నారు. వీరన్న పడవ అంచున మోకాళ్ళ మీద కూర్చుని కుండ వంచాడు. అంత పెద్ద గొంతు మనిషి, ఒక్క శబ్దం లేకుండా ఏడ్చాడు. నాకూ అప్పుడే వచ్చింది ఏడుపు.

తమ్ముడుగారు పడవ నడిపే ఆయనను అడిగారు. "బాబూ, ఈ నీళ్ళు రాజమండ్రి వస్తాయా?"

"ఎందుకు రావు సారు? గోదారి ఇంకెటు పోతది? నడుమ బరాజుల కాడ గేట్లు మూసిండ్రంటె జర ఆగుతయి. మల్ల పోతయి."

తమ్ముడుగారు ఒళ్ళో కుండ వైపు చూసుకున్నారు. ఎర్రగుడ్డ ముడి విప్పడానికి ఆయన వేళ్ళకు చాలాసేపు పట్టింది. వీరన్న కంగారుగా, "మీకు వాటా ఇచ్చినం గదా సారు, తీస్కపోర్రి" అన్నాడు.

"ఎందుకులేండి" అన్నారాయన, కుండను నీళ్ళ మీదకు వంచుతూ. "బస్సుల్లో మోసుకెళ్తే ఆవిడకి ప్రయాణం పడదు. అక్కే వస్తుంది. మేం ఒడ్డున ఉంటాం."